డబ్బు నా చేతికి ఇవ్వొద్దన్నాకే నమ్మారు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన శనివారం మీ స్థిరాస్తి పేజీలో, నలుగురు కలిసి అద్దెలొచ్చే బిల్డింగ్ కొనుక్కోవచ్చని రాసిన వ్యాసం చదివాను. మంచి మాట. కానీ ఆ నలుగురిని ఒక్కచోటికి తేవడం ఎలా, వాళ్ల డబ్బుకు పూచీ ఏమిటి అన్నది అందులో లేదు. అదే పేజీ కింది సగంలో పెద్ద ప్రకటన ఒకటి ఉంది. పది లక్షలు కడితే నెలనెలా ఖాయంగా అద్దె ఇస్తామని దాని సారాంశం. పైన వ్యాసం, కింద ఆ ప్రకటన చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

నా వయసు 47. ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ని. నల్లగొండ జిల్లా పల్లె నుంచి పంతొమ్మిదేళ్లప్పుడు ఉప్పల్ వచ్చాను. పాతికేళ్లకు పైగా ఊళ్లోవాళ్ల ఇళ్లకు వైరింగ్ చేస్తూ బతికాను. 2025 జూన్‌లో, నాతో పాటు మరో ఆరుగురం కలిసి బోడుప్పల్ వైపు ఒక పాత అపార్ట్‌మెంట్ బిల్డింగ్ మొత్తంగా కొన్నాం. 250 గజాల స్థలం, స్టిల్ట్ (కింద స్తంభాల మధ్య పార్కింగ్) మీద మూడంతస్తులు, అంతస్తుకు రెండు పోర్షన్లు. మా ఏడుగురిలో ఎవరికీ అంతకుముందు సొంత ఇల్లో, ఒక ప్లాటో తప్ప ఇంకో ఆస్తి లేదు.

ఇది నా రెండో ప్రయత్నం. మొదటిది 2022లో చేశాను, తప్పుగా చేశాను. తెలిసిన డీటీపీ షాపులో రంగుల కాగితం అచ్చేయించాను. బిల్డింగ్ ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలతో ఏడాదికి 12 శాతం. ఆ 12 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎవరో అంటుంటే విని రాసుకున్న అంకె అది. నా బావమరిది మొహమాటానికి రెండు లక్షలు ఇచ్చాడు. మెడికల్ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడు మాత్రం కాగితం రెండు వైపులా చూసి, "అన్నా, ఇది వడ్డీయా, అద్దెనా?" అని అడిగాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారంలోపు బావమరిది డబ్బు తిరిగిచ్చేశాను.

ఆ మాట ఎంత పెద్దదో తర్వాత ఒక లాయరు గారి దగ్గర కూర్చున్నప్పుడు అర్థమైంది. ఇంత ఇవ్వండి, ఇంత కలిపి తిరిగిస్తాను అని పదిమంది దగ్గర తీసుకుంటే అది డిపాజిట్ కిందికి వస్తుంది. అనుమతి లేకుండా అలా వసూలు చేయడాన్ని నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టమే చేసింది. డిపాజిటర్ల రక్షణకు మన రాష్ట్రంలో 1999 నుంచే ఇంకో చట్టం ఉంది. నలుగురి డబ్బు పోగుచేసి, వాళ్లకు ఏ పెత్తనమూ లేకుండా ఒక్కడే నడిపిస్తే, షేర్ మార్కెట్లను అదుపు చేసే కేంద్ర సంస్థ సెబీ కూడా అడుగుతుంది. చిన్న మదుపరుల కోసం సెబీ 2024లో తెచ్చిన చిన్న, మధ్యతరహా రీట్ల పద్ధతి (చాలామంది డబ్బుతో అద్దెలొచ్చే ఆస్తులు కొని, ఆ అద్దె వాళ్లకు పంచేది) ఉంది గానీ, అది కనీసం 50 కోట్ల ఆస్తులకు. రెండు కోట్ల బిల్డింగ్ కొనాలనుకునే మాలాంటివాళ్లకు అది అందదు. మాకు కనిపించిన దారులు మూడు: అందరి పేర్లతో ఉమ్మడిగా కొనుక్కోవడం, భాగస్వామ్య సంస్థ పెట్టుకోవడం, ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యతకు హద్దు ఉండే సంస్థ) పెట్టుకోవడం. మేం మొదటిది ఎంచుకున్నాం. ఎందుకో చెబుతాను.

నేను అడగబోయిన వాళ్లలో సగం మంది ఇళ్లలో అప్పటికే ఒక దెబ్బ తగిలి ఉంది. మా చెల్లెలి ఇంట్లోనే, రెరా (కొత్త ప్రాజెక్టులను రిజిస్టర్ చేసుకుని అదుపు చేసే సంస్థ) నంబరు కూడా లేని ఒక ప్రీ లాంచ్‌లో, అంటే అనుమతులు రాకముందే అమ్మే ప్రాజెక్టులో, ఎనిమిది లక్షలు కట్టారు. ఇప్పటికి పునాది గుంటలో నీళ్లు తప్ప ఏమీ లేదు. చేతిలో ఉన్నది కంపెనీ లోగో ఉన్న రసీదు. అలాంటి రసీదు ఇంట్లో పెట్టుకున్న మనిషి దగ్గరికి వెళ్లి, నన్ను నమ్ము అంటే ఎలా నమ్ముతాడు? నమ్మకూడదు కూడా.

అందుకని రెండోసారి మొదటి మాటే ఇలా చెప్పాను: "నా చేతికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మీ డబ్బు మీ అకౌంట్‌లోనే ఉండనీ. రిజిస్ట్రేషన్ రోజు మీ పేరు మీద మీరే చెక్కు తీసుకొచ్చి అమ్మేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చిన చెక్కు నంబరు, మీ పేరు, మీ వాటా సేల్ డీడ్‌లో ఉంటాయి." ఈ మాటతోనే వాళ్లు కూర్చుని వినడానికి ఒప్పుకున్నారు. నాకు తెలిసి, పెట్టుబడి పెట్టేవాళ్లను పిలవడానికి ఇంతకంటే బలమైన మాట లేదు.

ఇక బిల్డింగ్ సంగతి. అమ్మేవాళ్లు భార్యాభర్తలు, పెద్దవాళ్లు, పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్నారు. ధర రెండు కోట్ల 35 లక్షలు, నెలకు 88 వేలు అద్దె అన్నారు. ఆరు పోర్షన్లకు 75 వేలు, పైన పెంట్‌హౌస్‌కు కరెంటుతో కలిపి 13 వేలు. నేను అద్దె పుస్తకం అడగలేదు. నేరుగా స్టిల్ట్‌లోని మీటర్ల బోర్డు దగ్గరికి వెళ్లాను. ఏడు మీటర్లు. ఆరు పోర్షన్లకు ఆరు, మోటారుకూ మెట్ల లైట్లకూ ఒకటి. మరి పెంట్‌హౌస్ మీటరేది? సర్వీస్ నంబర్లు రాసుకుని, అక్కడే గోడకానుకుని ఫోన్‌లో ఒక్కో నంబరు బిల్లులు చూశాను. ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చినా కాలిన యూనిట్లు మాత్రం కనపడతాయి. రెండో అంతస్తులో ఒక పోర్షన్‌కు వరుసగా ఐదు నెలలు మూడు యూనిట్లు, సున్నా, నాలుగు యూనిట్లు. అంటే ఐదు నెలలు ఖాళీ. కామన్ మీటరుకు నెలకు మూడొందల యూనిట్లకు పైనే. ఒకటిన్నర హెచ్‌పీ మోటారు, ఎనిమిది ఎల్‌ఈడీ బల్బులు అంత కాల్చవు. మెట్ల పక్కన డక్టులోంచి ఒక వైరు పైకి పోతోంది. పట్టుకుని వెళితే పెంట్‌హౌస్‌లో తేలింది.

మంజూరైన ప్లాన్ తెప్పిస్తే అందులో పెంట్‌హౌస్ లేదు. కాబట్టి ఆ 13 వేలను లెక్కలోంచి తీసేశాం. రేపెవరైనా కూల్చమంటే పోయే గదికి ఇవాళ ఎవరి డబ్బూ పెట్టించను అని మిగతా వాళ్లకు చెప్పాను. అమ్మేవాళ్లను మోసగాళ్లనడం లేదు, ఆ వీధిలో సగం ఇళ్లమీద అలాంటి గది ఉంది. ఈ కాగితాలన్నీ వాళ్ల ముందే పెట్టి మాట్లాడితే ధర రెండు కోట్ల పది లక్షలకు దిగింది. పైన ఉన్న కుటుంబం తర్వాత మా ఖాళీ పోర్షన్‌లోకి దిగింది.

పాత బిల్డింగ్‌కు రెరా కాపలా ఉండదు, మనమే చూసుకోవాలి. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించాం, లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల రిజిస్ట్రేషన్ కాగితాలు) లాయరుకు చూపించాం, నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదని, చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి (నిండితే నీళ్లు వచ్చే హద్దులోకి) రాదని సరిచూసుకున్నాం, ఓసీ (కట్టడం ప్లాన్ ప్రకారం ఉందని, ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్) ఉందో లేదో అడిగాం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అన్న మాట అందరికీ తెలిసింది, అది ఒకందుకు మంచిదే.

తర్వాత అసలు కష్టమైన కాగితం, లెక్క. ధర రెండు కోట్ల పది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 15 లక్షల 75 వేలు. లాయరు ఫీజుకు, పైపులకు, రంగులకు, అత్యవసరానికి కలిపి పది లక్షల పైచిలుకు. మొత్తం రెండు కోట్ల 36 లక్షలు. నేను 44 లక్షలు, మిగతా ఆరుగురు తలా 32 లక్షలు. అద్దెలు ఏడాదికి తొమ్మిది లక్షలు. అందులో ఒక నెల అద్దె ఖాళీలకు పోతుందనుకుని 75 వేలు, ఆస్తి పన్ను, బోరు, సంపు, రిపేర్లు, నిర్వహణ అన్నింటికీ లక్షా ఐదు వేలు తీసేస్తే మిగిలేది ఏడు లక్షల ఇరవై వేలు. 32 లక్షలు పెట్టినవాళ్లకు నెలకు వచ్చేది 8,100 రూపాయల చిల్లర. అదే డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తే అప్పట్లో 18 వేలకు పైగా వచ్చేది. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి అందరికీ ఇచ్చాను. కాగితం చూసి ఇద్దరు వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లడమే వాళ్లకు మంచిది. నెల ఖర్చులకు డబ్బు కావాల్సినవాళ్లు అద్దె బిల్డింగ్‌లో వాటా కొనకూడదు.

మిగిలినవాళ్లు ఎందుకు ఉన్నారు? వాళ్లు ఎలాగూ ఊరి బయట ఎక్కడో ప్లాటు కొని రాళ్లు పాతుకుందామనుకున్నవాళ్లు. ఇక్కడ వాటా కింద 34 గజాల భూమి, మెట్రో ఎక్కే దూరంలో, కొంచెమైనా అద్దెతో వస్తుంది. ధర పెరుగుతుందని నేను చెప్పలేదు. పెరిగితే వాటా ప్రకారం అందరిదీ, తగ్గినా అంతే అని రాసిచ్చాను.

అప్పు తీసుకుందామని ఒకరన్నారు. బిల్డింగ్ ఇచ్చేది మూడు శాతం, బ్యాంకు అడిగేది తొమ్మిది. ఆ ఆరు శాతం ఎవరి జేబులోంచి? డాలస్‌లో ఉన్న మా మేనల్లుడు ఇలాగే తెలుగువాళ్లంతా కలిసి కొన్న ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో 50 వేల డాలర్లు పెట్టాడు. మారే వడ్డీకి అప్పు తీసుకుని కొన్నారు. 2022 మార్చిలో సున్నా దగ్గరున్న అమెరికా కేంద్ర బ్యాంకు (ఫెడ్) వడ్డీ 2023 జూలైకల్లా అయిదుంపావు దాటింది. మూడు నెలలకోసారి వచ్చే డబ్బు ఆగిపోయింది, తర్వాత ఇంకా డబ్బు పెట్టమని ఉత్తరం వచ్చింది. పెట్టకపోతే వాటా తగ్గుతుంది. ఆ ఉత్తరం నాకు చదివి వినిపిస్తుంటే వాడి గొంతు మారిపోయింది. ఆ రోజే అనుకున్నాను, మన ఒప్పందంలో అప్పు ఉండకూడదు, అదనంగా డబ్బు అడిగే పరిస్థితి వస్తే ఏం చేయాలో ముందే రాసి ఉండాలి అని.

ఎవరి డబ్బు తీసుకోకూడదో కూడా చెప్పాలి. ఒకాయన రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెడతానన్నాడు, దండం పెట్టి వద్దన్నాను. ఇంకొకాయన డబ్బు తనది, పేరు డ్రైవరుది అన్నాడు. అది బినామీ అవుతుంది, మా డాక్యుమెంట్ మొత్తానికి తంటా. అమ్మేవాళ్లు మొదట్లో 60 లక్షలు బ్లాక్‌లో అడిగారు. నేను అడ్డం పడ్డాను. చట్టం మాట అటుంచండి, మా ఏడుగురి మధ్య నమ్మకానికి ఆధారం ఆ సేల్ డీడే. రెండు కోట్ల పదికి కొని కోటిన్నర రాయిస్తే, మిగతా 60 లక్షల్లో ఎవరు ఎంత ఇచ్చారో చెప్పే కాగితం ఎక్కడుంది? చివరికి మొత్తం వైట్‌లోనే అయింది. దానికి రెండు నెలలు ఆలస్యమైంది, ఫరవాలేదు.

మాలో ఒక అక్క ఉంది. పాలకేంద్రం నడుపుతుంది, ఊళ్లో పుట్టింటి భూమి అమ్మగా వచ్చిన వాటా తెచ్చింది. లాయరు రాసిన ఇంగ్లిష్ ఒప్పందం చేతికిస్తే పక్కన పెట్టేసింది. "తమ్మీ, దీంట్ల ఏమున్నదో నాకు ఎరుకైతెనే సంతకం. తెలుగుల రాసుకరా" అంది. డీటీపీ షాపులో కూర్చుని మూడు రాత్రులు తెలుగు చేయించాను. లాయరు సరిచూశారు. మళ్లీ వెళితే పాల క్యాన్లు కడిగి, చెయ్యి తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో పంక్తి చదివించుకుంది. "అవిభక్త వాటా" దగ్గర ఆగింది. "అంటే ఏ పోర్షన్ నాది?" ఏ ఒక్క పోర్షనూ నీది కాదక్కా, మొత్తం బిల్డింగ్‌లో 236 పాళ్లకు 32 పాళ్లు నీవి అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే కింది పోర్షన్ ఖాళీ ఉన్నా నాకు కిరాయి రావాలె" అంది. అవును, వస్తుంది. ఆ ఒక్క ప్రశ్నతో, అద్దె పోర్షన్ వారీగా కాదు, మొత్తంలో వాటా వారీగా పంచాలి అన్న వాక్యం ఒప్పందంలో చేరింది. ఇంగ్లిష్ కాగితంలో అది లేదు.

ల్యాబ్ స్నేహితుడి భార్య ఇంకో ప్రశ్న అడిగింది. "రేపు మా ఆయనకు ఏమన్నా అయితే, మా డబ్బు కోసం మీ ఇంటి ముందు నిలబడాల్నా అన్నా?" అందరం తలలు వంచుకున్నాం. దీనికోసమే ఉమ్మడి సేల్ డీడ్ దారి పట్టాం. వాటా ఆయన పేరు మీద నేరుగా ఉంటుంది, ఆయన తర్వాత ఆమెకూ పిల్లలకూ పోతుంది, నా దయ అక్కర్లేదు. కానీ మైనర్ పిల్లల పేరుమీదికి వస్తే, వాళ్లు పెద్దయ్యేదాకా ఆ వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి, బిల్డింగ్ మొత్తం ఆగిపోతుంది. అందుకని ఏడుగురం వీలునామాలు రాసుకున్నాం. మా ఇంట్లో నా భార్య ఏడ్చింది, అయినా రాశాను.

మధ్యలో బయటపడాలనుకునేవాళ్ల సంగతీ రాసుకున్నాం. చట్టప్రకారం ఉమ్మడి యజమాని ఎవరైనా విభజన కోరుతూ కోర్టుకు వెళ్లొచ్చు. ఆరు పోర్షన్ల బిల్డింగ్‌ను ఏడు ముక్కలు ఎలా చేస్తారు? కాబట్టి అయిదేళ్లదాకా అమ్మకం వద్దు, తర్వాత అమ్మాలంటే ముందు మిగతా ఆరుగురికి చెప్పాలి, ఆరు నెలల గడువు, ధర బ్యాంకు వాల్యుయర్ కట్టినది. నా సంగతి కూడా రాయించాను. అద్దెలు వసూలు చేసి బిల్డింగ్ చూసుకున్నందుకు వసూలైన అద్దెలో అయిదు శాతం నాకు. పదివేలు దాటిన కరెంటు పని నేను చేయాలంటే ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గర కొటేషన్ తేవాలి. అద్దెలన్నీ ఉమ్మడి అకౌంట్‌లోకే, ముగ్గురు సంతకాలు చేస్తేనే బయటికి.

రిజిస్ట్రేషన్ ముందు ఒక విషయం మమ్మల్ని చాలా టెన్షన్ పెట్టింది. ఇది మీ పాఠకులకు పనికొస్తుంది. 50 లక్షలు, ఆపైన ఆస్తి కొంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) పట్టి ప్రభుత్వానికి కట్టాలి. మా ఒక్కొక్కరి వాటా 50 లక్షల లోపే కదా అనుకున్నాం. 2024 అక్టోబరు నుంచి అలా కుదరదు, అందరిదీ కలిపే చూస్తారు. కొనేవాళ్లం ఏడుగురం, అమ్మేవాళ్లు ఇద్దరు, ఒక్కో జతకు ఒక ఫారం. మొత్తం పద్నాలుగు ఫారాలు. ఆ సంగతి ఆడిటర్ చెప్పేసరికి రిజిస్ట్రేషన్‌కు నాలుగు రోజులే ఉంది.

మీకు, మీ ద్వారా ప్రభుత్వానికి నా విన్నపాలు రెండు. ఖాయమైన అద్దె, గ్యారంటీ రాబడి అనే ప్రకటన వచ్చినప్పుడు, ఆస్తి ఎవరి పేరు మీద రిజిస్టరవుతుంది, కొనుగోలుదారుకు రాతపూర్వకంగా ఏమిస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఆ ప్రకటనలోనే ఉండేలా చూడండి. లేకపోతే అచ్చేయకండి. మా చెల్లెలు ఆ ప్రీ లాంచ్ గురించి మొదట చదివింది ఒక పత్రికలోనే. రెండోది, ఉమ్మడిగా ఆస్తి కొనేవాళ్ల కోసం రిజిస్ట్రేషన్ల శాఖ ఒక నమూనా ఒప్పందం తెలుగులో తయారు చేసి ప్రతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అందుబాటులో ఉంచాలి. లాయరు ఫీజు పెట్టుకోలేని వాళ్లే ఎక్కువగా మోసపోతున్నారు.

అది వచ్చేలోపు వాడుకోవడానికి మా తెలుగు ఒప్పందం నకలు ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. పేర్లు, సర్వే నంబరు కొట్టేశాను. ఆరుగురూ సరేనన్నారు. అక్కతో చెబితే, "కిరాయి పంచే ముచ్చట మీద గీత కొట్టి పంపు, అది అందరు చదవాలె" అంది. గీత కొట్టాను, మూడో పేజీలో ఉంది. చోటుంటే ఆ ఒక్క పేజీ అయినా అచ్చేయండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్,
ఉప్పల్, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)